కంగారు పడే మనసుతో వాదించకండి, ముందు ఒంటి సంగతి చూడండి

ఇంటర్ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ బల్లల మధ్య తిరుగుతున్నారు. మూడో బల్ల దగ్గర ఒక అమ్మాయి బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) ట్యాప్ పట్టుకుని నిలబడింది. పర్మాంగనేట్ చుక్క చుక్కగా పడాలి, కింద ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఆపేయాలి. వేళ్లు వణికి ట్యాప్ కాస్త ఎక్కువ తిరిగింది. గులాబీ దాటి ముదురు ఊదా అయిపోయింది. "సార్, చేతులు ఆగట్లేదు" అంది నా వైపు చూసి.

"టెన్షన్ పడకమ్మా, ఏం కాదు" అన్నాను. పడొద్దంటే పోయే టెన్షన్ నేనింతవరకూ చూడలేదు. అయినా నోటికి వచ్చింది అదే. ఆ పిల్ల చేతులు ఇంకా వణికాయి.

కెమిస్ట్రీ పాఠం చెప్పుకునేవాడిని, డాక్టర్ని కాను. కానీ ఆ రోజు నుంచి ఈ విషయం మీద చదువుతున్నాను, నా మీదా పిల్లల మీదా ప్రయత్నించి చూస్తున్నాను. పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను. వరస ముఖ్యం: ముందు ఒళ్లు, తర్వాత మాట, ఆ తర్వాతే ఆలోచన. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, నేనూ చేశాను.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ రోజువారీ టెన్షన్‌కు: ఇంటర్వ్యూ, పరీక్ష, ఈఎంఐ తేదీ, పిల్ల ఇంకా ఇంటికి రాకపోవడం. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం "టెన్షన్ వల్లేలే" అనుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. గుండెపోటును గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగిన ఇళ్లు మనందరికీ తెలుసు.

వాదిస్తే ఎందుకు తగ్గదు

ఒకసారి సాయంత్రం ఆరింటికి ప్రిన్సిపాల్ గారి నుంచి మెసేజ్ వచ్చింది: "రేపు ఉదయం ఒకసారి కలవండి." అంతే. ఇంకో ముక్క లేదు. ఆ రాత్రి నేను గత మూడు నెలల్లో చేసిన తప్పులన్నీ తవ్వి పోశాను. ఒక్కోదానికీ సమాధానం తయారుచేసుకున్నాను. సమాధానం దొరికిన ప్రతిసారీ మనసు "సరే, ఒకవేళ..." అని ఇంకోటి అందుకుంది. తెల్లారి వెళితే, నా సెలవు చీటీ మీద తేదీ వేయలేదట, వేసి వెళ్లమన్నారు.

కుక్క వెంటపడినా, అర్థంకాని మెసేజ్ వచ్చినా ఒంటికి తేడా పెద్దగా తెలియదు. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, కడుపులో తిప్పుతుంది, చేతులు వణుకుతాయి. పరిగెత్తడానికి ఒళ్లు సిద్ధమై నిలబడితే మనం కుర్చీలో కూర్చుని దానికి లాజిక్కు చెబుతుంటాం. గుండెను నెమ్మదించు అంటే వినదు. కడుపును ఊరుకో అన్నా వినదు. ఈ యంత్రాంగంలో మన చేతికి అందే పిడి ఒక్కటే ఉంది, ఊపిరి. అది తనంతట తాను నడుస్తుంది, మనం నడిపిస్తే మన మాటా వింటుంది.

మొదటి నిమిషం: గాలి పీల్చడం కాదు, వదలడం

1. భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉంటాయి. వాటిని కిందికి జారనివ్వండి. పళ్లు బిగించి ఉంటే వదలండి.
2. ముందు లోపలున్న గాలిని వదిలేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు, పీల్చడంతో మొదలుపెడతారు.
3. ముక్కుతో పీల్చండి. నిండింది అనిపించాక, దాని మీద ఇంకో చిన్న గుక్క పీల్చండి.
4. వేడి టీ మీద ఊదినట్టు, పెదాలు కాస్త ముడిచి, నోటితో మెల్లగా వదలండి. పీల్చడానికి పట్టిన దానికి రెట్టింపు సమయం పట్టాలి.
5. ఇలా మూడు నుంచి ఐదు సార్లు. అంతకంటే అక్కర్లేదు.

ఇది కొత్త విద్యేమీ కాదు, నిట్టూర్పు. మా నాయనమ్మ "ఇంట్లో ఉసూరుమనకురా" అని కసిరేది గానీ, ఒంటికి ఆ ఉసూరు అవసరమయ్యే వస్తుంది. ఊపిరితిత్తుల్లో ముడుచుకున్న చిన్న గాలి గదులు రెండో గుక్కతో తెరుచుకుంటాయి. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం ద్వారా గుండె వేగం కాస్త తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. అందుకే వదలడం పొడవుగా ఉండాలి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ నిట్టూర్పు పద్ధతిని, ఇంకో రెండు శ్వాస పద్ధతులను, ధ్యానాన్ని పోల్చారు. అందరిదీ రోజుకు 5 నిమిషాలు, ఒక నెల. మనసు తేలికపడటంలో నిట్టూర్పు బృందమే ముందుంది.

"గట్టిగా గాలి పీల్చు" అనే సలహా మాత్రం నాకు నచ్చదు. టెన్షన్‌లో ఉన్నవాడు గబగబా, నిండుగా పీలుస్తూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఏదో అయిపోతోందని భయం రెట్టింపవుతుంది. పాత రోజుల్లో కాగితం కవర్లో ఊపిరి పీల్చమనేవారు. ఇప్పుడు డాక్టర్లు ఆ పని వద్దంటున్నారు.

లెక్క పెట్టడం చిరాకైతే భ్రామరి చేయండి. నోరు మూసి తుమ్మెదలా "మ్‌మ్‌మ్" అంటే చాలు, ఊపిరి దానంతట అదే పొడవుగా బయటికి వెళుతుంది. బస్సులో మాత్రం పక్కవాళ్లు చూస్తారు, అక్కడ నిట్టూర్పే నయం.

రెండేళ్ల తర్వాత ప్రాక్టికల్స్‌లో ఇంకో కుర్రాడికి అదే వణుకు. ఈసారి ధైర్యం చెప్పలేదు. "ట్యాప్ వదిలెయ్‌రా. చేతులు కిందికి దించు. గాలంతా నోటితో ఊదెయ్. మళ్లీ ఒకసారి" అన్నాను. నాలుగో ఊపిరికి వాడి భుజాలు కిందికి వచ్చాయి. వేళ్ల వణుకు పూర్తిగా పోలేదు, కానీ ట్యాప్ తిప్పగలిగాడు. రెండుసార్లు చేసిన రీడింగులూ కలిశాయి, అంటే ప్రయోగం సరిగ్గా వచ్చినట్టే.

ఆ కుర్రాడికి ఒక అనుకూలత ఉంది, నేను క్లాసులో ముందే నేర్పించాను. ఈత నీళ్లలో పడ్డాక నేర్చుకునేది కాదు కదా. బాగున్న రోజుల్లోనే అలవాటు చేసుకోండి. రోజూ చేసే ఏదో పనికి ముడిపెడితే మరిచిపోరు. మా ఇంట్లో కుక్కర్ మొదటి కూతకూ రెండో కూతకూ మధ్య ఐదు నిట్టూర్పులు పడతాయి.

కొందరికి ఊపిరిని గమనిస్తే కంగారు ఇంకా పెరుగుతుంది, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లకు. వాళ్లు ఈ మెట్టు వదిలేసి కింది దానికి వెళ్లొచ్చు.

రెండో నిమిషం: నీళ్లు, కండరాలు

చల్లటి నీళ్లు దోసిట్లో పట్టి ముఖాన్ని అందులో ఒకటి రెండు సార్లు ముంచండి, లేదా తడిగుడ్డను కళ్ల మీద, బుగ్గల మీద ఒక అరనిమిషం ఉంచండి. ముఖానికి చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గడం మన ఒంట్లో పుట్టుకతో ఉన్న ఏర్పాటు. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఐస్ నీళ్ల జోలికి పోవద్దు, మామూలు నీళ్లతో ముఖం కడుక్కుంటే చాలు.

ఇక కండరాలు. 1920ల్లో ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ డాక్టర్ చెప్పిన కిటుకు ఇది: వదులు చేయాలంటే ముందు బిగించు. పిడికిళ్లు ఐదు సెకన్లు గట్టిగా బిగించి ఒక్కసారిగా వదిలేయండి. పది సెకన్లు ఆ వదులుని గమనించండి. తర్వాత భుజాలు, తర్వాత దవడ, తర్వాత కాలి వేళ్లు. చెప్పుల్లో కాలి వేళ్లు ముడుచుకుని వదిలితే ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు.

చోటు ఉంటే ఇవేవీ లేకుండా పది నిమిషాలు వేగంగా నడవండి. పరిగెత్తడానికే కదా ఒళ్లు సిద్ధమైంది, దానికి కావాల్సింది ఇచ్చేయండి.

మూడోది: దానికి సరైన పేరు పెట్టండి

మనకు తెలుగులో ఇన్ని మాటలుండగా అన్నింటినీ "టెన్షన్" అనే ఒక్క సంచిలో పడేశాం. అది ఏ రకమో తెలియకపోతే ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? నేను ఇలా విడదీసుకుంటాను.

కంగారు అంటే టైము తక్కువ, పనులు ఎక్కువ. దీనికి ఊపిరి ఒక్కటే సరిపోదు, ఒక పని తీసేయాలి. పెళ్లికి బయల్దేరే ముందు అరగంటలో ఇల్లు సర్దాలని చూసేవాళ్లకు ఉండేది ఇదే. సర్దడం మానేయండి, తాళం వేయండి.

బెంగ దూరంగా ఉన్న మనిషి మీద ఉంటుంది. హాస్టల్లో చేరిన పిల్లాడికి ఇంటి మీద, వాడి అమ్మకు వాడి మీద. దానికి లాజిక్కు పనిచేయదు. ఫలానా టైముకు మాట్లాడుకుంటాం అనే కచ్చితమైన ఏర్పాటు పనిచేస్తుంది.

గుబులు వేరు. ఏదో జరగబోతోంది, ఏమిటో తెలియదు. ఆదివారం సాయంత్రం చాలామందికి వచ్చేది ఇదే. గుబులుకు రూపం ఉండదు కాబట్టి దాన్ని కాగితం మీదికి దించాలి, ఎలాగో కింద చెబుతాను.

బెరుకు పదిమంది ముందు వచ్చేది. గాబరా హఠాత్తుగా వచ్చి బుర్ర పనిచేయనివ్వనిది. గాబరాలో నిర్ణయాలు తీసుకోకూడదు, ముఖ్యంగా "మీ ఖాతా బ్లాక్ అవుతోంది, ఓటీపీ చెప్పండి" అనే ఫోన్ల విషయంలో. ఆ మోసగాళ్ల వ్యాపారమంతా మన గాబరా మీదే నడుస్తుంది. ఫోన్ పెట్టేసి, ఐదు నిట్టూర్పులు వదిలి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

పేరు పెట్టాక పైకి అనండి, మీకు మాత్రమే వినపడేలా: "నాకు ఇప్పుడు గుబులుగా ఉంది." "నేనొక పిరికివాణ్ణి" అని కాదు. 2007లో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ పరిశోధకులు మనుషులకు కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి మెదడు స్కాన్ చేశారు. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, మెదడులో భయంతో ముడిపడిన అమిగ్డాలా అనే భాగంలో హడావిడి తగ్గింది.

చేతికి పని చెప్పడం

కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి చెప్పుకోమనే పద్ధతి అందరూ చెబుతారు. బస్టాండులోనో ఆస్పత్రి వరండాలోనో పనికొస్తుంది. ఇంట్లో ఉంటే మాత్రం నా ఓటు దానికి కాదు. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయండి. కరివేపాకు రెబ్బలు దూయండి. కన్ను, వేలు, ముక్కు ఒకేసారి పనిలో పడతాయి, మనసుకు "ఒకవేళ" అనే సందు దొరకదు. మా అమ్మ ఎవరి ఆపరేషన్ ఉన్నా ఆ పూట గోరుచిక్కుడు ముందేసుకుని కూర్చునేది. ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

ఫోన్ పట్టుకుని రీల్స్ చూడటం ఈ కోవలోకి రాదు. చేతికి పని ఉండదు, కంటికి మాత్రం ఇంకో నలభై కంగారులు దొరుకుతాయి.

ఇప్పుడు ఆలోచన: ఒక కాగితం, రెండు గళ్లు

ఒళ్లు కాస్త సర్దుకున్నాక ఆలోచన వంతు. కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "నా చేతిలో ఉన్నది", కుడివైపు "నా చేతిలో లేనిది". ఆ ప్రిన్సిపాల్ మెసేజ్ రాత్రి నేను ఈ పని చేసి ఉంటే, కుడివైపు "ఆయన ఎందుకు పిలిచారు" అని, ఎడమవైపు "ఇప్పుడే ఫోన్ చేసి 'సార్, ఏమైనా కాగితాలు తెచ్చుకోమంటారా' అని అడగొచ్చు" అని ఉండేది. రెండు నిమిషాల పని. ఒక రాత్రి నిద్ర మిగిలేది.

ఎడమవైపు రాసేది చిన్నగా, ఇవాళే చేయగలిగేదిగా ఉండాలి. "అప్పులన్నీ తీర్చాలి" అని రాస్తే కంగారు ఇంకా పెరుగుతుంది. "బ్యాంకుకు వెళ్లి ఈఎంఐ తేదీ 5 నుంచి 10కి మారుస్తారేమో అడగాలి" అని రాస్తే కాళ్లు కదులుతాయి.

కుడివైపు రాసినవి ఊరికే పోవు, రోజంతా గుచ్చుతుంటాయి. వాటికి ఒక టైము ఇవ్వండి. 1983లో పెన్సిల్వేనియా పరిశోధకులు పరీక్షించిన పద్ధతి ఇది: రోజూ ఒకే చోట, ఒకే సమయానికి, అరగంట కూర్చుని మనసారా దిగులుపడాలి. మిగతా వేళల్లో దిగులు తలెత్తితే "ఆరున్నరకు రా" అని వాయిదా వేయాలి. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆరున్నరకు నిజంగా కూర్చుంటే సగం దిగుళ్లు హాజరు కావు. ఆ టైము పడుకునే ముందు మాత్రం పెట్టుకోవద్దు.

బెంగ సంగతి చెప్పాను కదా. మా అక్క కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఒరేయ్, వాడు పొద్దుట్నించి ఫోన్ ఎత్తట్లేదురా."

"అక్కా, ఇప్పుడు మనకు పన్నెండున్నర. అక్కడెంత?"

కాసేపు లెక్కేసింది. "రాత్రి మూడు."

"మరి పడుకుని ఉండడా?"

"పడుకునే ఉంటాడు. ఒకవేళ పడుకోకపోతే?"

ఇలా ఇరవైసార్లు ఫోన్ చేసి, వాడు ఎత్తగానే వచ్చే ఊరట గంట కూడా నిలవదు. పైగా ప్రతిసారీ "ఫోన్ చేస్తేనే కుదురు" అని మనసుకు అలవాటవుతుంది. వాళ్లిద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిర్చాను: మనకు ఉదయం ఏడింటికి, అంటే వేసవిలో వాడికి రాత్రి తొమ్మిదిన్నరకు, వాడు "అమ్మా, తిన్నా" అని మెసేజ్ పెట్టాలి. అది వచ్చాక మర్నాటి ఏడింటి వరకు అక్క ఫోన్ చేయకూడదు. మొదటి వారం అక్క నాలుగుసార్లు ఒప్పందం తప్పింది. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తప్పుతోంది.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే

గడియారం చూడకండి. చూస్తే "ఇంకా నాలుగు గంటలే ఉంది" అనే కొత్త లెక్క మొదలవుతుంది. దాదాపు ఇరవై నిమిషాలు పొర్లినట్టు అనిపిస్తే మంచం దిగి, పెద్ద లైటు వేయకుండా, కుర్చీలో కూర్చుని ఏదైనా చప్పటి పని చేయండి. నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచం ఎక్కండి. దిగుళ్లకు మంచం అలవాటు చేయకూడదు. రాత్రి రెండింటికి వచ్చే ఆలోచన ఎంత నిజమనిపించినా, ఒక ముక్క రాసిపెట్టి పొద్దున చూడండి.

దీనికి మూలం ఒక్కోసారి సాయంత్రం కాఫీలో ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఐదింటికి తాగిన కాఫీ పదింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. గుండె దడ ఎక్కువగా ఉండేవాళ్లు రెండు వారాలు మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేసి చూడండి. ఒక్కసారే మొత్తం ఆపేస్తే తలనొప్పి వస్తుంది, కొద్దికొద్దిగా తగ్గించండి.

పరీక్షకు, స్టేజీకి ముందు

బెరుకును పూర్తిగా చంపాలని చూడొద్దు. 2014లో అచ్చయిన ఒక హార్వర్డ్ పరిశోధనలో, ప్రసంగానికి ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కన్నా "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్లే మెరుగ్గా మాట్లాడారు. బెరుకులోనూ హుషారులోనూ గుండె కొట్టుకోవడం ఒకటే కాబట్టి దడ నుంచి హుషారుకు దారి దగ్గర, ప్రశాంతతకు దూరం. పరీక్ష పిల్లలకైతే, హాల్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ ఒక కాగితం మీద రాయమనండి. 2011లో షికాగో పరిశోధకులు చూసినప్పుడు అలా రాసినవాళ్లకే మార్కులు మెరుగయ్యాయి. చివరి నిమిషంలో గేటు దగ్గర "అది చదివావా, ఇది చదివావా" అని అడిగే స్నేహితులకు దూరంగా నిలబడమనండి. దీనికి పరిశోధన అక్కర్లేదు.

వద్దన్నవి

లక్షణాలను గూగుల్‌లో వెతకొద్దు. సిగరెట్, మందు ఆ పూటకు సర్దినట్టే ఉండి మర్నాడు దడను వడ్డీతో తెస్తాయి. తెలిసిన మెడికల్ షాపులో "నిద్రకు ఒకటి ఇవ్వన్నా" అని అల్ప్రాజోలం తెచ్చుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. అది అలవాటయ్యే మందు. డాక్టర్ చీటీ లేకుండా మొదలుపెట్టకూడదు, ఇప్పటికే వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు కూడా.

ఇది రోజువారీది కాదని ఎప్పుడు అనుకోవాలి

ఆరు నెలలుగా చాలా రోజులు ఇదే పరిస్థితి అయితే. దడకు భయపడి బస్సెక్కడం, బయటికి వెళ్లడం మానేస్తుంటే. నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే. అప్పుడు నిట్టూర్పులతో నెట్టుకురావద్దు. ముందు మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి, ఈ రెండూ అచ్చం టెన్షన్ లాగే దడ పుట్టిస్తాయి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కూడా చేతులు వణికిస్తుంది, అది వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు నొక్కితే తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంకో రోజు చూద్దామని ఆగకుండా ఆ నంబరుకు చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పి పక్కన కూర్చోబెట్టుకోండి. ఏం మాట్లాడాలో తోచకపోతే "నాకు గాబరాగా ఉంది" అనండి. అక్కడి నుంచి వాళ్లే అడుగుతారు.